ఇంట్లో రికార్డింగు: గొంతుకు నిండుదనం తెచ్చేదేమిటి?



మనకు ఉదయం ఆరు గంటలయ్యే వేళకు అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఏడున్నరో, ఎనిమిదిన్నరో అవుతుంది. అక్కడి పిల్లలకు ఇక్కడ దిల్‌సుఖ్‌నగర్‌లోనో, ఎల్.బి.నగర్‌లోనో కూర్చుని సంగీతం చెప్పే గృహిణులున్నారు. మధ్యాహ్నం పని తెమిలాక కథలు చదివి రికార్డు చేసేవారున్నారు. పెళ్ళి పాటలు, మంగళహారతులు మనవల కోసం దాచిపెట్టేవారూ ఉన్నారు. వీళ్ళలో చాలామందికి ఒకటే దిగులు. పాడుతున్నప్పుడు బాగానే ఉంటుంది, రికార్డు వింటే గొంతు పల్చగా, గీసుకుపోతున్నట్టు వినిపిస్తుంది. "ఇంకేముంది, వయసైపోయింది, గొంతు పోయింది" అనుకుని కొందరు పాడడమే మానేస్తారు. మరికొందరు ఎవరో చెప్పారని వేలకు వేలు పోసి 'వాల్వు ప్రీయాంప్' కొంటారు. ఈ రెండూ తొందరపాటు పనులే. అసలు ఈ ప్రీయాంప్ అంటే ఏమిటి, గొంతుకు అదేం చేస్తుంది, కొనాల్సివస్తే ఎలా చూసి కొనాలి అనేది ఇవాళ చెప్పుకుందాం.

మైకులోంచి వచ్చే విద్యుత్తు బహు స్వల్పం. రేడియోవాళ్ళు, పాడ్‌కాస్టువాళ్ళు ఇష్టపడే షూర్ ఎస్.ఎం.7బి అనే మైకు ఉందనుకోండి. దానికి దగ్గరగా గట్టిగా మాట్లాడితే వచ్చేది సుమారు ఒక మిల్లీవోల్టు. అంటే వోల్టులో వెయ్యో వంతు. రికార్డు చేసే యంత్రానికి సుమారు ఒక వోల్టు కావాలి. ఆ వెయ్యి రెట్లు పెంచే పని ప్రీయాంప్‌ది. లెక్కలో దీన్ని 60 డెసిబెల్స్ గెయిన్ అంటారు. కండెన్సర్ మైకులైతే పది, ఇరవై మిల్లీవోల్టులు ఇస్తాయి కాబట్టి వాటికి 40 డెసిబెల్స్, అంటే వంద రెట్లు పెంచితే దాదాపు సరిపోతుంది.

మీరు కంప్యూటరుకు తగిలించే ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టెలో ఈ ప్రీయాంప్ ముందే ఉంటుంది. ఈ సంగతి తెలియక ఇంకొకటి కొనేవారున్నారు. కాబట్టి మొదట మీ పెట్టె కాగితాల మీద గెయిన్ ఎంతని రాశారో చూసుకోండి. 2023లో వచ్చిన ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 నాలుగో తరం పెట్టెలో అది 69 డెసిబెల్స్. ఏ మైకుకైనా దాదాపు చాలుతుంది. పాత పెట్టెల్లో తక్కువ ఉండవచ్చు. అప్పుడు మీటను చివరిదాకా తిప్పాల్సి వస్తుంది. గొంతు వెనక 'సుయ్'మని సొద మొదలవుతుంది. ఆ సొదలో గొంతు మెత్తదనం మునిగిపోతుంది. మీ ఇబ్బంది ఇదే అయితే కొత్త ప్రీయాంప్ అక్కరలేదు. మైకు తీగ మధ్యలో తగిలించే క్లౌడ్‌లిఫ్టర్, ఫెట్‌హెడ్‌లాంటి చిన్న పరికరాలు సుమారు 25 డెసిబెల్స్ కలుపుతాయి. ఇవి ఇంటర్‌ఫేస్ ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌తోనే నడుస్తాయి.

ఇక నిండుదనం సంగతి. ఇంగ్లీషువాళ్ళు 'వార్మ్' అనే శబ్దాన్ని మనం కమ్మని గొంతు, నిండు గొంతు అంటాం. ఇదేమిటో తెలియాలంటే తంబురా దగ్గరకు పోవాలి. గుర్రం మీద తీగ కింద చిన్న నూలుపోగు దూరుస్తారు కదా, జీవ అంటారు దాన్ని. అది సరైనచోట కుదిరితే ఒక్క తీగ మీటినా పై స్వరాలు పలుకుతాయి, షడ్జంలో అంతర గాంధారం కూడా వినిపిస్తుంది. పోగు తీసేస్తే అదే తీగ బోడిగా మోగుతుంది. గొంతులోనూ ఇంతే. ఐదు శ్రుతిలో మధ్యస్థాయి షడ్జం సెకనుకు 196 కంపనాలు. దానితోపాటు 392 దగ్గర తారషడ్జం, 588 దగ్గర ఆపై పంచమం సన్నగా కలిసి పలుకుతాయి. వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్న ప్రీయాంప్‌లు ఇలాంటి పై స్వరాలను తమవంతుగా కాస్త కలుపుతాయి. వాల్వు ఎక్కువగా తారషడ్జాన్ని, ట్రాన్స్‌ఫార్మర్ మంద్రపు శబ్దాల మీద ఎక్కువగా ఆ పంచమాన్ని. కొలత కుదిరితే అది జీవ వేసినట్టు. మించితే గొంతు బొంగురుపోయినట్టు.

"మరి పాత రేడియోలో గొంతులు అంత కమ్మగా ఉండేవి, అవి వాల్వుల మహిమే కదా?" అని అడుగుతారు మీరు. కొంత నిజమే. కానీ మీడియం వేవ్‌లో సుమారు ఐదు వేల కంపనాలకు పైనున్న శబ్దం మనదాకా వచ్చేదే కాదు. చెవికి గుచ్చుకునే 'స', 'ష' పదును అక్కడే పోయేది. చెక్కపెట్టె కింది స్వరాలకు గుమ్మటంలా తోడయ్యేది. పైగా చప్పుడు రాని గదిలో, మైకుకు దగ్గరగా కూర్చుని చదివేవారు. వాల్వు వాటా అందులో ఒకటి మాత్రమే. ఇంకో సంగతి చూడండి. నిండైన శబ్దానికి లోకమంతా పేరు చెప్పుకునే నీవ్ 1073 అనే ప్రీయాంప్‌ను ఇంగ్లండులో రూపర్ట్ నీవ్ సంస్థ 1970లో తయారుచేసింది. అందులో ఒక్క వాల్వు కూడా లేదు. ట్రాన్సిస్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు మాత్రమే.

అందుకని పెట్టె మీద ఎర్రదీపం వెనక వెలిగే వాల్వును చూసి మోసపోకండి. వాల్వు సక్రమంగా పనిచేయాలంటే రెండు వందల వోల్టులకు అటూఇటూగా అందాలి. చిన్న అడాప్టరుతో నడిచే చవక పెట్టెల్లో చాలావాటిలో అంత వోల్టేజి ఉండదు. పెంచే పని లోపలి చిప్ చేస్తుంది, వాల్వు కాస్త బరక కలుపుతుంది అంతే. దానికన్నా మామూలు శుభ్రమైన ప్రీయాంప్ మేలు.

డబ్బు తీసేముందు ఇంట్లో చేసి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. మైకుకు మూరెడు దూరంలో కూర్చుంటే గొంతుకన్నా గదే ఎక్కువ పలుకుతుంది. కథ చదివేటప్పుడు బెత్తెడు, పాడేటప్పుడు జానెడు దూరం ఉంచండి. ఒక పక్కనుంచే వినే మైకులకు దగ్గరైనకొద్దీ మంద్రం పెరుగుతుంది. నిండుదనంలో సగం ఇక్కడే ఉచితంగా దొరుకుతుంది. 'ప', 'భ' అక్షరాల గాలి కొట్టకుండా మైకును నోటికి కాస్త ఓరగా పెట్టండి. కుట్టుపని చట్రానికి పల్చని నైలాను గుడ్డ బిగించి అడ్డంపెట్టినా చాలు.

మన ఫ్లాట్లలో నున్నని గోడలు, గచ్చు, ఇనప బీరువా. ఇవన్నీ గొంతును తిప్పి కొడతాయి. బీరువా తలుపు తెరిచి, బట్టల వైపు మొహం పెట్టి మైకు వెనక్కు చేర్చి పాడండి. మీ వెనక ఒక బొంత వేలాడదీయండి. విజయవాడ రోడ్డు వైపు కిటికీ ఉన్న గది మాత్రం వద్దు. లోపలి గది ఎంచుకోండి, రాత్రి పది దాటాక రికార్డు చేసుకోండి. ఎలక్ట్రానిక్ ఫ్యాను రెగ్యులేటరు, చవక ఇన్వర్టరు 'జుయ్'మనే రొద తెస్తాయి. ల్యాప్‌టాప్ చార్జరు తీసేసి ఒకసారి వినండి, రొద పోయిందంటే దోషం కరెంటుది, ప్రీయాంప్‌ది కాదు.

జూమ్‌లో పాఠం చెప్పేవారికి ప్రత్యేకంగా ఒక మాట. ఆ ఏర్పాటులో తంబురా నాదాన్ని కూడా ఫ్యాను చప్పుడనుకుని కొట్టేసే గుణం ఉంది. 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యూజీషియన్స్' అనే మీట వెయ్యకపోతే ఎంత గొప్ప ప్రీయాంప్ పెట్టినా అవతలి పిల్లకు చేరదు.

ఇవన్నీ చేశాక కూడా కావాలనిపిస్తే అప్పుడు వెళ్ళండి. ఎల్.బి.నగర్‌నుంచి అమీర్‌పేట దాకా మెట్రో 2018 సెప్టెంబరులో మొదలైంది కదా, అదే రైల్లో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠీ బ్యాంక్ స్ట్రీట్, గుజరాతీ గల్లీ దగ్గరే. మీ మైకు మీరే తీసుకెళ్ళండి. గెయిన్ 60కి తగ్గకుండా ఉందా, సొద లెక్క మైనస్ 125కు దిగువన ఉందా, 48 వోల్టుల మీట ఉందా అని అడగండి. రిబ్బన్ మైకు ఉన్నవారు ఆ మీట జోలికి పోవద్దు, కొన్ని పాత రిబ్బన్లు దెబ్బతింటాయి.

ఒకే పల్లవిని రెండు మూడు పెట్టెల మీద పాడి ఫోనులో పట్టుకురండి. ఇంటికొచ్చి అన్నీ ఒకే శబ్దంలో ఉండేలా సరిచేయండి. ఇది ముఖ్యం. కాస్త గట్టిగా మోగేది ఎప్పుడూ నిండుగానే అనిపిస్తుంది, కొట్టువాడి కిటుకు అదే. మర్నాడు పొద్దున ఏది ఏదో చెప్పకుండా పిల్లల చేత వేయించుకుని వినండి. తేడా తెలియకపోతే చవకది తీసుకోండి, తెలిస్తే నచ్చినది తీసుకోండి. ఇందులో ఇంజనీరు మాటకన్నా మీ చెవి మాటే చెల్లుతుంది.

తంబురాకు జీవ వేసేది శ్రుతి కలిపిన తర్వాతే. ప్రీయాంప్ కూడా అంతే. గది, దూరం, కరెంటు సరిచేసి ఒక్కసారి పాడి వినండి. పోయిందనుకున్న గొంతు చాలామందికి అక్కడే తిరిగి దొరుకుతుంది.