చెరువు లీజూ, ఉద్యోగ పత్రమూ

కొల్లేటి లంక గ్రామాలలో చేపల చెరువును లీజుకు తీసుకోదలచినవారు ఎకరానికి ఏడాదికి ఎంత అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకోరు. నీరు ఏ కాలువ నుంచి వస్తుందో, మురుగు ఎటు పోతుందో, గట్టు తెగితే మరమ్మతు ఎవరిదో, పాత కరెంటు బాకీ ఏమైనా ఉందో, గడువు తీరకముందే చెరువు వదిలేయవలసివస్తే ముందు కట్టిన సొమ్ములో ఎంత తిరిగివస్తుందో తేల్చుకున్న తరువాతే కాగితం మీద సంతకం పెడతారు. అదే ఇళ్లలో చదువు ముగించిన పిల్లలకు ఆఫర్ లెటర్, అంటే ఫలానా పని, ఫలానా జీతం, ఫలానా షరతులతో ఇస్తామని సంస్థ రాసి పంపే పత్రం, వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ చూసేది మొదటి పేజీలోని అంకెను మాత్రమే. దీనిని అజాగ్రత్త అనడం న్యాయం కాదు. చెరువు వ్యవహారం రెండు మూడు తరాలుగా ఆ ఇంటికి తెలిసిన విద్య. జీతపు కాగితం మాట్లాడే భాష మాత్రం కొత్తది, పైగా అది తరచు ఇంగ్లీషులో ఉంటుంది. ఆ భాషలోని పది పన్నెండు మాటలు తెలిస్తే చెరువు గట్టు మీద అడిగిన ప్రశ్నలే ఇక్కడా అడగవచ్చు.

ఈ ప్రాంతపు ఉద్యోగాల స్వరూపం ఒకే రకమైనది కాదు. ఏలూరులో జనపనార మిల్లు, తివాచీ మగ్గాలు ఒకప్పుడు ప్రధాన జీవనాధారాలు. తాడేపల్లిగూడెంలో నూనె పరిశ్రమ, ధాన్యం, ఉల్లి వ్యాపారాలు గుమస్తాలకు, లెక్కలు రాసేవారికి, హమాలీలకు పని చూపించాయి. 2007లో వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, 2015లో తాడేపల్లిగూడెంలో నిట్ వచ్చాక చదువుల స్థాయి పెరిగినా, ఆ చదువుకు తగిన కొలువులు ఎక్కువగా హైదరాబాదు, బెంగళూరు, చెన్నైలలోనే ఉండిపోయాయి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఏలూరు తన పేరుతోనే ఒక జిల్లా అయి, కైకలూరు వైపు కొల్లేటి మండలాలను కలుపుకొంది. తాడేపల్లిగూడెం మాత్రం భీమవరం కేంద్రంగా గల పశ్చిమ గోదావరిలో మిగిలింది. ఈ రెండు జిల్లాలలో చేపలు, రొయ్యల సాగు పెరిగి, హ్యాచరీలు, మేత కంపెనీలు, ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల శుద్ధి కర్మాగారాలు స్థానికంగా ఒక కొత్త ఉద్యోగ మార్కెట్టును తెచ్చాయి.

ఖాళీల సమాచారం దొరికే దారులు చాలానే ఉన్నాయి. ప్రైవేటు రంగంలో 25 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలు తమ ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీకి తెలియజేయాలని 1959 నాటి పాత చట్టం నిర్దేశించేది. 2015లో కేంద్రం ఆన్‌లైనులో నేషనల్ కెరీర్ సర్వీసును ప్రారంభించింది. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ జాబ్ మేళాలు నడుపుతుంది. అయినా ఈ జిల్లాలలో ఎక్కువ కొలువులు తెలిసినవారి మాట మీదే దొరుకుతాయి. ఇందులో తప్పేమీ లేదు గాని, బంధువు చూపించిన ఉద్యోగంలో షరతులు అడగడం మొహమాటమవుతుంది, ఆ మొహమాటం ఖరీదు తరువాత తెలుస్తుంది.

ఆఫర్ లెటరులో అన్నిటికన్నా ఎక్కువ పొరపాటుకు తావిచ్చే మాట సీటీసీ. ఒక ఉద్యోగి కోసం సంస్థ ఏడాదిలో పెట్టే మొత్తం ఖర్చు అని దాని అర్థం, చేతికి వచ్చే జీతం అని కాదు. ఉదాహరణకు హైదరాబాదు సంస్థ ఒకటి ఏడాదికి 4,80,000 రూపాయల సీటీసీ ఇస్తానన్నదనుకుంటే, ఇంట్లో అందరూ దానిని నెలకు 40,000గా లెక్క వేస్తారు. అందులో మూల వేతనం 20,000 అయితే, సంస్థ తన వంతుగా భవిష్యనిధికి, అంటే పీఎఫ్‌కు, జమచేసే 12 శాతం, 2,400 రూపాయలు, ఆ 40,000 లోపలిదే. దీర్ఘకాలం పనిచేసినవారికి చివరలో ఇచ్చే గ్రాట్యుటీ కోసం మూల వేతనంలో 4.81 శాతం చొప్పున 962 రూపాయలు కూడా లోపలివే. ఆరోగ్య బీమాకు నెలకు 500, ఏడాది చివర పనితీరు చూసి ఇస్తామనే మొత్తానికి నెలకు 4,000 చొప్పున పక్కన పెడితే మిగిలేది 32,138. దానిలోంచి ఉద్యోగి వంతు పీఎఫ్ మరో 2,400, వృత్తి పన్ను 200 తీసేస్తే బ్యాంకు ఖాతాలో పడేది 29,538 రూపాయలు. పీఎఫ్ సొమ్ము ఎక్కడికీ పోదు, అది ఉద్యోగిదే. అయితే ఇంటద్దెకు, అప్పు వాయిదాకు అక్కరకొచ్చేది మాత్రం ఆ చివరి అంకె ఒక్కటే.

దీని పక్కన తాడేపల్లిగూడెంలోనే నెలకు 21,000 జీతమిచ్చే ఉద్యోగాన్ని పెట్టి చూడవచ్చు. పీఎఫ్‌ను చట్టం తప్పనిసరి చేసిన 15,000 పరిమితి మేరకే కోస్తే 1,800, ఈఎస్ఐకి 0.75 శాతం చొప్పున 158, వృత్తి పన్ను 200 పోగా 18,842 చేతికొస్తుంది. హైదరాబాదులో హాస్టలు, భోజనం, రాకపోకలు, పండుగలకు రైలు ఛార్జీలు కలిపి నెలకు 12,000 అవుతాయనుకుంటే అక్కడ మిగిలేది 17,538. ఇంటి దగ్గర ఉండి అమ్మ చేతి అన్నం తినే ఉద్యోగి ఖర్చులు పోను మిగిల్చేది అంతకు పెద్ద తక్కువ కాకపోవచ్చు. ఈఎస్ఐ అన్నది జీతం 21,000 దాటని ఉద్యోగులకు వర్తించే వైద్య బీమా; ఉద్యోగితోపాటు భార్యాబిడ్డలకు, ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా చికిత్స దొరుకుతుంది. అందుచేత ఇంట్లో డయాలసిస్ అవసరమున్న తండ్రి గాని, గుండె జబ్బున్న తల్లి గాని ఉంటే, 21,000 నుంచి 22,000కు మారే ఉద్యోగం పైకి వెయ్యి పెరిగినట్టు కనిపించినా ఆ కుటుంబానికి నష్టమే కావచ్చు.

ఇంతమాత్రాన సొంతూరి కొలువే మేలని తేల్చడం సరికాదు. మొదటి రెండు మూడేళ్లలో ఉద్యోగి నేర్చుకునే పని అతని తరువాతి ఉద్యోగపు జీతాన్ని నిర్ణయిస్తుంది. మహానగరంలో పదిమంది అనుభవజ్ఞుల మధ్య నేర్చే పనికి, చిన్న కార్యాలయంలో ఒక్కడే కూర్చుని చేసే పనికి తేడా ఉంటుంది. అలాగే సంస్థ ఆదాయం దేని మీద నిలబడిందో కూడా చూడాలి. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరకులపై సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు, ఆ దేశపు కొనుగోళ్ల మీదే ఎక్కువగా ఆధారపడిన రొయ్యల రంగం చెరువు గట్టు దాకా కుదుపుకు గురైంది. కొల్లేరులో 2006లో అభయారణ్యం హద్దుల లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తవ్వించినప్పుడు యజమానులతోపాటు, వారి దగ్గర మేత వేసి, వల లాగి బతికిన కూలీలూ పని పోగొట్టుకున్నారు. 1999లో ఐదో కాంటూరు, అంటే నేల ఎత్తును సూచించే గీత, వరకు 308 చదరపు కిలోమీటర్ల మేర ప్రకటించిన ఆ అభయారణ్యం హద్దు తమ జీతానికి కూడా హద్దేనని వారికి ముందుగా చెప్పినవారు లేరు.

2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లు ఈ కాగితాల తీరును కొంత మార్చాయి. వాటి ప్రకారం కార్మికునికి నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. ఇంటద్దె భత్యం, ప్రయాణ భత్యం వంటివి మొత్తం ప్రతిఫలంలో సగానికి మించితే, మించినంత మేర వేతనంగానే లెక్కకట్టాలి. మూల వేతనాన్ని కావాలని తక్కువ చూపి పీఎఫ్, గ్రాట్యుటీలను కుదించే పాత అలవాటుకు ఇది అడ్డుకట్ట. ఉద్యోగం మానినా, తీసేసినా రావలసిన వేతనాన్ని రెండు పనిదినాలలో చెల్లించాలి. గ్రాట్యుటీకి సాధారణంగా ఐదేళ్ల సేవ కావాలి గాని, నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాది సేవతోనే ఆ హక్కు వస్తుంది. కాబట్టి నాలుగున్నరేళ్లు చేసిన శాశ్వత ఉద్యోగి కొత్త ఆఫరుకు ఒప్పుకునే ముందు, ఆ ఆరు నెలలు ఆగితే వచ్చే సొమ్మును కొత్త జీతంలోని పెంపుతో పోల్చుకోవాలి. ఉద్యోగం మారిన ప్రతిసారీ పీఎఫ్ తీసేసుకోవడం కూడా ఇక్కడ బాగా కనిపించే పొరపాటు. నెలవారీ పింఛనుకు పదేళ్ల సేవ ఉండాలి, పాత ఖాతాను కొత్త సంస్థకు బదిలీ చేసుకుంటే ఆ ఏళ్లు కలిసివస్తాయి.

గడువులోపు మానితే సొమ్ము కట్టాలని రాయించుకునే బాండు విషయంలో రెండు తప్పుడు నమ్మకాలు చలామణీలో ఉన్నాయి. సంతకం పెడితే బానిసత్వమేనని కొందరు, అది చెల్లని చిత్తుకాగితమని మరికొందరు అంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ఒక మనిషిని న్యాయమైన వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం చెల్లదంటుంది. అయితే మూడేళ్లలోపు మానితే 2 లక్షలు కట్టాలన్న షరతును విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది. ప్రభుత్వ రంగ బ్యాంకు పోటీ పరీక్ష ద్వారా నియామకం జరపడానికి అయ్యే కాలాన్ని, ఖర్చును కోర్టు పరిగణించింది. శిక్షణ ఏమీ ఇవ్వకుండానే పెద్ద మొత్తాలు రాయించుకునే సంస్థ విషయం వేరు, ఎందుకంటే అదే చట్టం 74వ సెక్షను కింద కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. ఏ బాండు రాసినా ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలే గాని అప్పగించకూడదు.

కువైటు, దుబాయి దారి పట్టే గోదావరి జిల్లాల వారికి లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. 1983 వలస చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు తీసుకోగల రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగినా, టూరిస్టు వీసాతో వెళ్లమన్నా అది ఉద్యోగం కాదని గ్రహించాలి. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారంలో కంప్యూటరు ఉద్యోగమని వెళ్లిన తెలుగు యువకులు సైబరు మోసాలు చేయించే ముఠాల చెరలో పడ్డారు.

ఇక ఏ ఆఫర్ లెటరూ లేని కొలువు ఒకటి ఈ ప్రాంతంలోనే ఉంది. చెరువు గట్టు మీద పాకలో కాపురముండి, రాత్రిళ్లు కాపలా కాసి, తెల్లవారుజామున ఏరియేటర్లు, అంటే నీటిలోకి గాలిని కలిపే యంత్రాలు, ఆడుతున్నాయో లేదో చూసే కుటుంబాలకు నెల జీతం, పట్టుబడి నాడు ఇచ్చే బహుమానం అన్నీ నోటిమాటే. ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యమని మాట్లాడుకునే పాత పాలేరు ఒప్పందానికి ఇది కొనసాగింపు. నియామక పత్రం కోరే కోడ్ సాధారణంగా పదిమందికి తక్కువ ఉన్న చోటికి రాదు గాని, వేతనాల కోడ్‌కు అటువంటి సంఖ్యా పరిమితి లేదు. జీతం ఎగ్గొడితే మూడేళ్ల లోపు ఫిర్యాదు చేయవచ్చు. అందుకే పనిలో దిగేముందు జీతాన్ని బ్యాంకు ఖాతాలో వేయమని అడగడం ఆ కుటుంబానికి ఎంతో ముఖ్యం, ఎందుకంటే పాసుపుస్తకంలో నెలనెలా పడే ఆ వరుసే రేపు వారు చూపించగల రుజువు. తడి గట్టు మీద కరెంటు మోటార్ల మధ్య తిరిగే మనిషి కనుక, అదే ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు కట్టి ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకుంటే ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి. ఆ ఇరవై రూపాయలు ఎవరు కట్టాలన్నది కూడా యజమానితో మొదటిరోజే మాట్లాడుకోవలసిన సంగతి.