జ్యూస్ తాగితే కడుపు ఎందుకు ఉబ్బుతుంది? సొరకాయ జ్యూస్ తాగేవాళ్లు తప్పకుండా తెలుసుకోండి!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "అన్నా, జ్యూస్ ఆరోగ్యం అంటరు కదా, మరి నాకెందుకు పడతలేదు?" అని.

నాదీ అదే బాధ. ఎండాకాలం జనగామ బస్టాండ్ దగ్గర పెద్ద గ్లాసు మామిడి షేక్ తాగి బస్సెక్కితే, వరంగల్ చేరేలోపు కడుపులో ఒకటే గుడగుడ. షాపు వాళ్ల తప్పు అనుకునేవాణ్ణి. ఇంట్లో చేసుకున్నా అంతే అయ్యింది.

కారణం ఏంటంటే, మామిడి, పుచ్చకాయ, ఆపిల్‌లో ఫ్రక్టోజ్ అనే చక్కెర ఎక్కువ. కొందరికి చిన్నపేగు దాన్ని పూర్తిగా పీల్చుకోలేదు. మిగిలింది పెద్దపేగులోకి పోతే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. అప్పుడే గ్యాస్, ఉబ్బరం, విరేచనాలు. పాలు పడనివాళ్లకు షేక్ అయితే డబుల్ దెబ్బ.

ఇంకోటి, జ్యూసర్ పిప్పిని తీసేస్తుంది, మిక్సీ ఉంచేస్తుంది. పిప్పి పోతే పీచు పోయినట్టే. నాలుగు బత్తాయిలు కూర్చుని తినలేం, కానీ వాటి రసం నిమిషంలో తాగేస్తాం. అంత చక్కెర ఒకేసారి పేగుల మీద పడుతుంది. అందుకే జ్యూస్ కంటే పండు తినడమే మేలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా చెప్తుంది.

ఇప్పుడు అసలు విషయం, జాగ్రత్తగా వినండి. రీల్స్ చూసి పరిగడుపున సొరకాయ జ్యూస్ తాగేవాళ్లు చాలామంది ఉన్నారు. మన దిక్కు ఆనపకాయ అంటం కదా, అదే. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ జ్యూస్ తాగి చనిపోయారు. తర్వాత ఐసీఎంఆర్ నిపుణుల కమిటీ దీన్ని పరిశీలించింది. చేదెక్కిన సొరకాయలో కుకుర్బిటాసిన్ అనే విషం ఉంటుంది. వండినా పోదు, విరుగుడు మందు కూడా లేదు. కాబట్టి కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుంటే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. తేనె, నిమ్మరసం కలిపి చేదును కప్పిపెట్టొద్దు. "కాకరకాయ చేదు కాదా?" అంటారేమో, ఆ చేదు వేరు, ఇది వేరు. తాగాక వాంతులు, కడుపునొప్పి వస్తే ఇంట్లో చిట్కాలు చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

మరి కడుపు సున్నితంగా ఉన్నవాళ్లు ఏం చేయాలి? నేను పాటించేది చెప్తా. ఒకసారికి ఒక్కటే రకం. పండిన బొప్పాయి, కీర, ఉడికించిన క్యారెట్ చాలామందికి పడతాయి. మిక్సీ పట్టి, పిప్పి ఇబ్బంది పెడితే జాలీలో వడకట్టండి. అర గ్లాసు చాలు. చక్కెర, పాలు వద్దు. గటగటా కాకుండా మెల్లగా తాగండి. మూడు రోజులు చూసి, పడితేనే ఇంకో రకం మొదలుపెట్టండి. ఏది పడిందో, ఏది పడలేదో ఫోన్‌లో రాసుకోండి.

మలంలో రక్తం, ఊరికే బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే నొప్పి ఉంటే మాత్రం అది జ్యూస్‌తో తేలే విషయం కాదు. ఇప్పుడు మూడు జిల్లాల్లోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. పోయి డాక్టర్‌కు చూపించుకోండి.

ఈ మాట ఇంట్లో జ్యూస్ చేసే అమ్మకు కూడా చెప్పండి. ముందు ముక్క రుచి చూడాలి, తర్వాతే మిక్సీ. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి!