ఒక్క చిత్రిక... పెట్టెడు పనులు!

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో బ్రిమ్‌ఫీల్డ్ అనే చిన్న ఊరుంది. ఏటా మే, జులై, సెప్టెంబరు నెలల్లో ఆ ఊరు ఊరంతా పాత సామాన్ల సంతగా మారిపోతుంది. విరిగిన కుర్చీలు, ఆగిపోయిన గడియారాలు, పింగాణీ గిన్నెలు... అలాంటి సంతల్లో ఓ బల్ల మూల అప్పుడప్పుడూ ఒక చెక్క పెట్టె కనిపిస్తుంటుంది. మూత తీస్తే లోపల నికెల్ పూతతో మెరిసే ఏదో యంత్రం. అడ్డంగా రెండు కడ్డీలు, ఎటు చూసినా మరలు, పక్కనే వరుసగా పేర్చిన 20కి పైగా బ్లేడ్లు. తెలియనివాళ్లు ఏ కుట్టుమిషన్ భాగమో అనుకుని ముందుకెళ్లిపోతారు. తెలిసినవాళ్లు మాత్రం గుండె వేగం పెరిగినా మొహంలో కనిపించనివ్వరు. కనిపిస్తే ధర పెరుగుతుంది మరి!

అది స్టాన్లీ నంబర్ 45. వడ్రంగి పనిలో వాడే కాంబినేషన్ ప్లేన్. మన దగ్గర ప్లేన్‌ని చిత్రిక అనీ, తోపడా అనీ, తెలంగాణలో రంద అనీ అంటారు. మామూలు చిత్రిక చెక్కను నున్నగా చేస్తుంది, అంతే. 45 అలా కాదు. గాడి తీస్తుంది, అంచు మెట్టులా కోస్తుంది, పలకను పలకలో దూర్చే నాలుక చేస్తుంది, తలుపు అంచున గుండ్రటి బీడింగ్ దిద్దుతుంది. బ్లేడు మార్చడమే ఆలస్యం.

అంత గొప్ప పనిముట్టయితే కొనేయడమేగా? అక్కడే ఉంది చిక్కంతా. ఇన్ని విడి భాగాలున్న చిత్రిక మరొకటి దొరకడం కష్టం. అందులో బొటనవేలి గోరంత ముక్క లేకపోయినా కొన్న డబ్బు అలంకారానికి పెట్టిన ఖర్చే అవుతుంది.

36 చిత్రికల మోత

ఈ పనిముట్టు ఎందుకు పుట్టిందో తెలియాలంటే దానికి ముందున్న వడ్రంగి పెట్టె చూడాలి. ఒక్కో ఆకారానికి ఒక్కో చెక్క చిత్రిక. బోలుగా ఉండేదొకటి, ఉబ్బుగా ఉండేదొకటి కలిపి జత. బ్రిటన్, అమెరికాల్లో అలాంటివి 18 జతలుంటేనే పూర్తి సెట్టు... అంటే 36 చిత్రికలు! గాడికి, బీడింగుకు, కిటికీ చట్రానికి మళ్లీ వేర్వేరు. పని దొరికిన ఊరికల్లా ఇవన్నీ మోసుకెళ్లాలి. తేమకు చెక్క ఉబ్బితే సరిచేసుకోవాలి.

కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూబ్రిటన్‌లో 1857లో మొదలైన స్టాన్లీ రూల్ అండ్ లెవెల్ కంపెనీ ఈ అవసరాన్ని కనిపెట్టింది. 1869లో లియొనార్డ్ బెయిలీ పేటెంట్లు కొని ఇనుప చిత్రికల్లోకి దిగింది. ఆ కంపెనీలోనే పనిచేసిన జస్టస్ ట్రాట్ అనే ఆయన బుర్రలోంచి వచ్చిందే 45. 1880ల్లో అమ్మకం మొదలై 1962 దాకా సాగింది. దాదాపు 80 ఏళ్లు! అందుకే ఇప్పటికీ అమెరికా, బ్రిటన్ సంతల్లో ఇవి తారసపడుతూనే ఉంటాయి. అరుదైన వస్తువేమీ కాదు. అన్ని భాగాలూ ఉన్నది దొరకడమే అరుదు.

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో రెకార్డ్ సంస్థ 405 నంబరుతో దాదాపు ఇలాంటిదే తయారుచేసింది. బ్రిటన్‌లో వెతికేవాళ్లకు అదే ఎక్కువగా ఎదురవుతుంది. పనిలో తేడా స్వల్పం.

ఇంతకీ 45ని ఓడించిందెవరు? కరెంటుతో తిరిగే రూటరు. తమాషా ఏంటంటే, ఆ రూటర్లు తయారుచేసే ఆర్.ఎల్.కార్టర్ వ్యాపారాన్ని 1929లో కొన్నదీ స్టాన్లీయే. సొంత పిల్లకు సొంత ఇంట్లోనే పోటీ పెట్టినట్టన్నమాట.

అడుగు లేని చిత్రిక

మామూలు చిత్రికకు కింద నున్నటి అడుగు ఉంటుంది. అందులో సన్నటి చీలిక, దాన్లోంచి తొంగిచూసే బ్లేడు. బ్లేడుకు ముందున్న అడుగు చెక్కను నొక్కిపట్టి ఉంచుతుంది కాబట్టి నార లేవదు. 45కు ఆ అడుగే లేదు. నిలువుగా నిలబెట్టిన రెండు సన్నటి ఇనుప పట్టీలు, వాటి మధ్య బ్లేడు... అంతే. ఒక పట్టీ పిడి ఉన్న ప్రధాన భాగానికి ఉంటుంది. రెండోది కడ్డీల మీద జరుగుతుంది. బ్లేడు వెడల్పును బట్టి ఆ రెండో పట్టీని దగ్గరకూ దూరంగానూ జరుపుకోవాలి. అదే కడ్డీల మీద ఫెన్స్ అనే మరో భాగం జారుతుంది. అది చెక్క అంచును ఆనుకుని నడుస్తుంది కాబట్టి గాడి దారి తప్పదు.

ఎన్ని బ్లేడ్లయినా ఒకే ఒంట్లో ఇమిడిపోయేది ఇందువల్లే. దాని బలహీనతా ఇదే. నార నిటారుగా, సాఫీగా సాగిన చెక్క మీద వెన్న కోసినట్టు పోతుంది. నార మెలికలు తిరిగిన చెక్క మీదో, ఎదురు నార మీదో పెడితే పెచ్చులు లేపేస్తుంది. అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు. పాత ప్రకటనలూ చెప్పలేదు. కొన్నవాళ్లలో చాలామంది మొదటి వారమే విసిగి పెట్టెలో పెట్టేసిన దాఖలాలు ఆ పెట్టెల్లోనే కనిపిస్తాయి. వందేళ్లు దాటినా సానరాయి ముఖం చూడని బ్లేడ్లు బోలెడు!

బ్లేడ్లను పక్కపక్కన పెట్టి చూడటం మంచి అలవాటు. పదేపదే సాన పట్టిన బ్లేడు పొట్టిదవుతుంది. పావు అంగుళం బ్లేడొక్కటే అరిగి ఉంటే ఆ యజమాని గాళ్లు తీసి బతికినవాడు. బీడింగ్ బ్లేడు అరిగి ఉంటే తలుపులు, గోడ పలకల పనివాడు. ఏదీ అరగకపోతే... ఎవరో పండక్కి బహుమతిగా ఇచ్చి ఉంటారు!

జేబులోంచి డబ్బు తీసేముందు...

మెరుపును చూసి మోసపోకూడదు. నికెల్ పూత అక్కడక్కడా లేచిపోయినా పనికి అడ్డం కాదు. తీగల బ్రష్షు మిషనుకు పెట్టి తళతళలాడేలా రుద్దినవాటినే అనుమానించాలి. ఆ రుద్దుడులో పూత పోతుంది, అంచులు గుండ్రబడతాయి.

ముందు చూడాల్సింది పోతపోసిన ఇనుమును. కింద పడితే వంగదు, పగులుతుంది. కడ్డీలు దూరే రంధ్రాల చుట్టూ, పిడి మొదట్లో వెంట్రుకంత గీత ఉన్నా వెలుతురులోకి తీసుకెళ్లి చూడాలి. ఇత్తడి రంగు చార కనిపిస్తే అది అతుకు. తర్వాత రెండు పట్టీలనూ కంటికి సమాంతరంగా ఎత్తి చూడాలి. ఒకటి వంగి ఉంటే గాడిలో ఇరుక్కుపోతుంది. అది సరిచేయడం ఇంట్లో అయ్యే పని కాదు.

కడ్డీలు రెండు జతలుండాలి, పొడవువి, పొట్టివి. ఒక్క జతే ఉన్నా ఫర్వాలేదు కానీ వంకర ఉండకూడదు. ఫెన్స్ వాటి మీద చేత్తో తోస్తే జారాలి.

ఇక మరలు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఒక మర లేదు, పోనీలే, ఇనుప సామాన్ల కొట్లో దొరక్కపోతుందా అనుకుంటారు. దొరకదు. స్టాన్లీ వాడిన మరచుట్లు ఇప్పటి ప్రామాణిక కొలతలకు సరిపోవు. బలవంతాన ఎక్కిస్తే ఉన్న రంధ్రం కూడా పాడవుతుంది. మరో విరిగిన 45 కొని దాన్లోంచి తీసుకోవడమే దారి. విడి భాగాలమ్మేవాళ్లకు అందుకే అంత గిరాకీ!

తరచూ మాయమయ్యేవి ఇంకో మూడున్నాయి. గాడి ఎంత లోతు దిగాలో నిర్ణయించే స్టాప్. చెక్కను కత్తిలా చీల్చే స్లిట్టింగ్ బ్లేడు. మూడోది, అన్నిటికన్నా చిన్నది, స్పర్. మూడాకుల బిళ్లలాంటి పదునైన ముక్క, ఒక్కో పట్టీ పక్కన ఒక్కోటి. నారకు అడ్డంగా గాడి తీసేటప్పుడు బ్లేడు కంటే ముందు నడిచి నారను రెండువైపులా కోసేది ఇదే. అలమరలో అరలు దూర్చే అడ్డ గాళ్లకు ఇది లేకపోతే అంచులన్నీ చింపిరి. కాబట్టి ఎన్ని బ్లేడ్లున్నాయో లెక్కపెట్టడం కన్నా స్పర్లు రెండూ ఉన్నాయా అని చూడటం తెలివైన పని. బ్లేడు పోతే ఇంకోటి సంపాదించొచ్చు, లేదా ఉక్కు ముక్కను అరగదీసి చేసుకోవచ్చు.

పిడి, ఫెన్స్ ముఖం సాధారణంగా రోజ్‌వుడ్‌వి. పాతవాటిలో వాడింది బ్రెజిల్ రోజ్‌వుడ్ అయితే అది 1992 నుంచీ అంతర్జాతీయ వాణిజ్యానికి సంబంధించిన సైటీస్ ఒప్పందం మొదటి జాబితాలో ఉంది. విదేశం నుంచి తెప్పించుకోవాలనుకునేవాళ్లు పార్సిలు ఖర్చుతోపాటు ఈ సంగతీ ముందే కనుక్కోవాలి.

అన్నగారి మోజు

45 దగ్గర ఆగనివాళ్లకు స్టాన్లీ 55 ఉంది. 1897లో వచ్చి, ఇదీ 1962లోనే ఆగిపోయింది. పెట్టెతో కలిపి దాదాపు 7 కిలోలు. నాలుగు చిన్న పెట్టెల్లో 55 బ్లేడ్లు, రెండు ఫెన్సులు, ఎత్తు మార్చుకునే పట్టీలు. ఒక్క చిత్రికలోనే కోతమిల్లు అంతా ఉందన్నట్టు కంపెనీ చాటుకుంది. సేకరించేవాళ్లకు పండగే. పనిచేసేవాళ్లకు మాత్రం పరీక్ష. ఒక ఆకారానికి దాన్ని సిద్ధం చేసేలోపు పాత చెక్క చిత్రికతో పని సగమైపోతుంది. మొదటిసారి కొనేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

నిజానికి గాళ్లు తీయడం ఒక్కటే కావాలంటే 45 కూడా ఎక్కువే. రెకార్డ్ 044 లాంటి చిన్న ప్లౌ ప్లేన్ తేలిక, భాగాలు తక్కువ, పోయేవీ తక్కువే. బీడింగూ, నాలుకా, అడ్డ గాడీ అన్నీ కావాలనుకుంటేనే 45.

మొదటి గాడి

ఇంటికి తెచ్చాక తుప్పును కిరోసిన్‌తో, మెత్తటి ఉక్కుపీచుతో నెమ్మదిగా తీస్తే చాలు. పట్టీలకు కాస్త మైనం రుద్దాలి. ఒక్క బ్లేడు, పావు అంగుళంది, బాగా సాన పట్టాలి. మిగతావాటి మాట తర్వాత.

చాలామంది చెక్కకు తమవైపు చివర మొదలుపెట్టి ఆ కొసదాకా ఒక్క ఊపులో తోస్తారు. గాడి వంకరపోతుంది. పద్ధతి తిరగేసి ఉంది. అవతలి కొస దగ్గర జానెడు మేర తోసి, కొంచెం వెనక్కొచ్చి మళ్లీ తోసి, అలా అడుగడుగునా వెనక్కి జరుగుతూ తమవైపు కొసకు రావాలి. అప్పుడు తీసిన గాడే తీయబోయే గాడికి దారి చూపిస్తుంది. వెనకచెయ్యి తోయడానికి మాత్రమే. ముందుచెయ్యి ఫెన్సును చెక్కకు అదిమి ఉంచాలి, కిందికి నొక్కకూడదు.

గాడి కుదిరాక బీడింగ్ బ్లేడు పెట్టి చూడొచ్చు. నాలుక-గాడి వేసి కలిపిన పలకలు పొడి వాతావరణానికి కుంచించుకుపోయి మధ్యలో సందు తేలుతుంది. పలక అంచున గుండ్రటి బీడింగు, దాని పక్కన సన్నటి గీత ఉంటే ఆ నీడలో ఈ సందు కలిసిపోతుంది. పాత తలుపుల మీది ఆ గీత అందానికే అనుకుంటారు చూసేవాళ్లు.