మేనమామలకూ కరువొచ్చింది!

సరిహద్దు తాలూకాల్లో తగ్గిన సంతానం.. మారుతున్న వరసలు

చిక్కబళ్లాపురం: పాపకు చెవులు కుట్టాలంటే మేనమామ ఒడి కావాలి. పెళ్లిలో అమ్మాయిని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తేవాలంటే మేనమామ చేతులు కావాలి. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం తాలూకాల్లోని తెలుగు ఇళ్లకు ఇవి తెలిసిన ముచ్చట్లే. అయితే అమ్మకు అన్నో తమ్ముడో ఉంటేనే కదా మేనమామ ఉండేది! ఒకరిద్దరు పిల్లలతో సరిపెట్టుకున్న తరం వచ్చాక ఆ వరసే కరువవుతోంది. దీని వెనుక రెండు మూడు తరాల్లో పల్లె కాన్పుల లెక్క తలకిందులైన కథ ఉంది.

ఆరుగురి నుంచి ఇద్దరికి

స్వాతంత్య్రం వచ్చిన కొత్తలో దేశంలో ఒక్కో తల్లికి సగటున ఆరుగురు దాకా పిల్లలు పుట్టేవారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93 నాటికి కర్ణాటకలో ఈ సగటు 2.9కి దిగింది. 2005-06లో 2.1 అయింది. 2019-21 సర్వేలో 1.7కు చేరింది. సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే, 1.7. దేశ సగటు 2.0. జనాభా పెరగకుండా, తరగకుండా సాగాలంటే ఈ లెక్క 2.1 ఉండాలి. అమ్మానాన్నల స్థానంలో ఇద్దరు, పెద్దవాళ్లు కాకముందే పోయేవారి కోసం ఆపైన మరికొంత.. అదీ 2.1 వెనకున్న అర్థం.

కోలారు నుంచి విడిపోయి 2007లో జిల్లా అయిన చిక్కబళ్లాపురంలో 2011 జనగణన నాటికి 12.55 లక్షల మంది ఉన్నారు. అంతకు ముందు పదేళ్లలో రాష్ట్ర జనాభా 15.6 శాతం పెరిగితే, ఇక్కడ పెరిగింది 9 శాతమే. పక్కనున్న బెంగళూరు నగర జిల్లాలో పెరుగుదల ఏకంగా 47 శాతం! కాన్పులు తగ్గడంతోపాటు పని కోసం జనం బెంగళూరు బాట పట్టడమూ ఈ తేడాలో ఉంది.

మైసూరు దొరల కాలంలోనే..

సర్కారు నోట సంతాన నియంత్రణ మాట ఈ నేలపై చాలా ముందే వినిపించింది. ఈ తాలూకాలు మైసూరు సంస్థానంలో ఉండగా, మీర్జా ఇస్మాయిల్ దివానుగా ఉన్న 1930లోనే ఇందుకోసం క్లినిక్‌లు తెరవాలని సంస్థానం ఆదేశించింది. ప్రపంచంలో ఒక ప్రభుత్వం ఇలాంటి క్లినిక్‌లు నడపడం అదే మొదలని చెబుతారు. కేంద్రం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది 1952లో. అయినా క్లినిక్ తలుపు తెరిచినంత మాత్రాన పల్లెలో ఉయ్యాలలు తగ్గలేదు. తగ్గడానికి ఇంకేవో కలిసి రావాల్సి వచ్చింది.

సాకేదెవరు?

మొదటిది, పుట్టిన బిడ్డ దక్కుతుందన్న ధీమా. 1971లో దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది పసికందులు ఏడాది నిండకుండానే కన్నుమూసేవారు. 2020 నాటికి ఈ సంఖ్య 28కి, కర్ణాటకలో 19కి తగ్గింది. టీకాలు, ఆసుపత్రి కాన్పులు వచ్చాక ‘నలుగురు దక్కాలంటే ఎనిమిది మందిని కనాలి’ అన్న పాత లెక్కకు కాలం చెల్లింది.

రెండోది, చదువు ఖర్చు. ఒకప్పుడు ఏడెనిమిదేళ్ల పిల్లలు మేకలు కాసేవారు, వేరుశనక్కాయలు ఒలిచేవారు, పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోసేవారు. ఇంటికి వారు చేతికి అందొచ్చిన కూలీలే. బడి బాట పట్టాక పిల్లలు సంపాదించేవారు కాక, ఖర్చు పెట్టి చదివించాల్సినవారయ్యారు. ‘ఇద్దరు చాల్లే, అంతమందిని సాకేదెవరు?’ అన్న మాట అక్కడ పుట్టిందే. కాల్డ్‌వెల్ దంపతులు, పి.హెచ్.రెడ్డి దక్షిణ కర్ణాటక పల్లెల్లో తిరిగి 1988లో వెలువరించిన పుస్తకమూ ఈ మార్పునే ప్రధానంగా చెప్పింది.

మూడోది, ఆడపిల్ల పెళ్లి వయసు. రాష్ట్రంలో 20-24 ఏళ్ల మహిళల్లో 18 నిండకముందే పెళ్లయినవారు 2005-06లో 40 శాతం పైమాటే. 2019-21 నాటికి అది 21 శాతానికి తగ్గింది. 2006-07లో ఎనిమిదో తరగతి పిల్లలకు సర్కారు ఇచ్చిన సైకిళ్లు, పేదింటి ఆడపిల్లల కోసం వచ్చిన భాగ్యలక్ష్మి పథకం అమ్మాయిలను బడిలో నిలపడానికి తోడ్పడ్డాయి. బడిలో రెండేళ్లు ఎక్కువ ఉన్న పిల్లకు పెళ్లీ ఆలస్యమే, కాన్పూ ఆలస్యమే. అయినా ఇప్పటికీ ఐదుగురిలో ఒకరికి బాల్యవివాహమే అన్నది మరచిపోకూడదు.

భారమంతా ఆమెదే

పల్లెలో ‘ఆపరేషన్ అయింది’ అంటే ఎవరికి అని అడిగేవారు లేరు. అది ఆడవాళ్లదే! 2019-21 సర్వే నాటికి కర్ణాటకలో పెళ్లయిన మహిళల్లో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 70 శాతం మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవారే. రెండు రాష్ట్రాల్లోనూ మగవాళ్ల ఆపరేషన్ ఒక శాతం కూడా లేదు. 1975-77 అత్యవసర పరిస్థితిలో జరిగిన బలవంతపు వేసెక్టమీల భయం అప్పటి నుంచీ వెంటాడుతూనే ఉంది. నిజానికి కోత, కుట్టు లేని వేసెక్టమీ చాలా తేలిక. చేయించుకున్న రోజే ఇంటికి వెళ్లిపోవచ్చు. పద్దెనిమిదికి పెళ్లి, ఇరవై రెండుకు ఇద్దరు పిల్లలు, పాతికలోపు ఆపరేషన్.. ఎందరో తల్లుల జీవితం ఇలాగే గడిచింది. బిడ్డకూ బిడ్డకూ ఎడం పాటించే తాత్కాలిక పద్ధతులు మాత్రం అంతగా పల్లెకు చేరలేదు.

వరస కుదరని సంబంధాలు

బాగేపల్లికి హిందూపురం, కదిరి.. చింతామణికి మదనపల్లె. పిల్లనిచ్చి పుచ్చుకోవడంలో ఈ ఊళ్లకు రాష్ట్ర సరిహద్దు ఎన్నడూ అడ్డు కాలేదు. అందులో మేనరికాలదీ పెద్ద వాటానే. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లలో పెళ్లయిన మహిళల్లో పావు వంతుకు పైగా దగ్గరి చుట్టాలనే చేసుకున్నట్లు 2019-21 సర్వే చెబుతోంది. ఇప్పుడు లెక్క చూడండి. ఇద్దరే పిల్లలున్న ఇంట్లో అమ్మకు తోబుట్టువు ఒక్కరే. అది మగబిడ్డ అయ్యే అవకాశం సగం. అతనికి కొడుకుండాలి, ఈడు కుదరాలి, ఇద్దరూ ఇష్టపడాలి. ఇక అమ్మ ఒక్కతే సంతానమైతే మేనమామ మాటే లేదు!

మేనరికం తగ్గడం ఒక విధంగా మంచిదే. దగ్గరి రక్తసంబంధంలో పుట్టే పిల్లలకు వంశపారంపర్య జబ్బుల ముప్పు ఎక్కువని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. పోతున్నది మాత్రం కష్టానికీ సుఖానికీ అడగకుండా వచ్చి నిలిచే బలగం. ముసలితనంలో ఈ లోటు బాగా తెలుస్తుంది. 2011లోనే కర్ణాటకలో 60 దాటినవారు 9.5 శాతం. నలుగురు కొడుకులు పంచుకునే బాధ్యత ఇప్పుడు ఒక్కరి మీద, అదీ బెంగళూరులో అద్దె ఇంట్లో ఉన్న ఒక్కరి మీద పడుతోంది.

కనమంటున్న నేతలు

ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో ఎత్తేసింది. ఎక్కువ మందిని కనాలని ముఖ్యమంత్రి చంద్రబాబు బహిరంగంగానే పిలుపునిచ్చారు. దీని వెనుక లోక్‌సభ సీట్ల బెంగ కూడా ఉంది. రాష్ట్రాల మధ్య సీట్ల పంపకాన్ని 1976లో 1971 జనాభా లెక్కల వద్ద ఆపేశారు. 2001లో చేసిన 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాత జరిగే తొలి జనగణన దాకా పొడిగించింది. జనాభాను అదుపు చేసిన పుణ్యానికి దక్షిణాది గొంతు తగ్గుతుందేమోనన్నది ఇక్కడి భయం.

అయితే పిలుపులతో ఉయ్యాలలు ఊగుతాయా? దక్షిణ కొరియా ఏళ్ల తరబడి ప్రోత్సాహకాలు గుమ్మరించినా 2023లో సగటు 0.72కు పడిపోయింది. కాన్పులు తగ్గాలని తేల్చింది పల్లె తల్లులే. బిడ్డ దక్కుతుందా, చదువుతుందా, ఎవరు సాకుతారు అన్న లెక్కలు వేసుకునే తేల్చారు. మళ్లీ కనాలన్నా ఆ లెక్క వారిదే. ఎందర్ని కనాలో చెప్పేకన్నా మంచి బడి, దగ్గర్లో ఆసుపత్రి, అవ్వాతాతలకు ఆసరా చూపడం, మగవాళ్లను ఆపరేషన్‌కు ఒప్పించడం సర్కారు చేయదగ్గ పనులు.

అందాకా బుట్ట పట్టడానికి అమ్మ పెదనాన్న కొడుకో, పిన్నమ్మ కొడుకో వరసకు మేనమామగా నిలుస్తున్నారు. వచ్చే తరానికి వాళ్లూ తక్కువే.