లేత్ మిషన్ వెనక వైపు

మిరప చేలో మందు కొట్టే గన్ను చివర బొటనవేలి కణుపంత ఇత్తడి నాజిల్ ఒకటి ఉంటుంది. చిలకలూరిపేటలోనో పర్చూరులోనో పురుగుమందుల కొట్టుకు వెళ్తే డబ్బాలో పోసి ఉంటాయి. రైతు చేతికి అందినదాన్ని తీసి జేబులో వేసుకుంటాడు. ఇంటికెళ్ళి పాత గన్నుకు తిప్పితే మర చక్కగా ఎక్కుతుంది. ఎక్కుతుందో లేదోనని కొట్లో ఎవరూ బిగించి చూడరు. వేల నాజిళ్ళు ఒకే కొలతలో ఉండటం మనకంత అలవాటైపోయింది.

కానీ అది చిన్న సంగతి కాదు. నాజిల్ బిళ్ళలో రంధ్రం 1 మిల్లీమీటరు ఉండాలనుకోండి. అది 1.1 అయితే అడ్డకొలతలో పెరిగింది పదో వంతే, మందు పారే దారి మాత్రం 21 శాతం పెరుగుతుంది. అయిదు ట్యాంకులతో అయిపోవాల్సిన చేనుకు ఆరు పడతాయి. 1987-88లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ఊడ్చేసిన ఏడు, మందుల అప్పులకు తాళలేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021లో నల్ల తామర పురుగు మిరప మీద పడినప్పుడూ మళ్ళీ మళ్ళీ కొట్టి కొట్టి చేతులు కాల్చుకున్నారు. అలాంటి ఏళ్ళలో ఆరో ట్యాంకు ధర ఎంతో మా ఇళ్ళలో అందరికీ తెలుసు. మాది నరసరావుపేట వైపు మిరప, పత్తి పండించే కుటుంబం.

నేను మాత్రం టర్నర్‌నయ్యాను. ఐటీఐ చదివి, హైదరాబాద్ బాలానగర్‌లో ఆటోమేటిక్ లేత్‌ల మీద పని నేర్చుకుని, తరవాత గుంటూరు ఆటోనగర్‌కి వచ్చేశాను. లేత్ అనగానే చూసేవాళ్ళ కళ్ళు టూల్ మీదికే పోతాయి. చిప్స్ ఎగురుతుంటాయి, ఆయిల్ కారుతుంటుంది, లోహం మెరుస్తుంటుంది. అది సహజమే. నేను చెప్పదలుచుకున్నది మిషన్ వెనక వైపు గురించి. రాడ్డును లోపలికి పంపే చోటే కొలత నిలుస్తుందో లేదో, లాభం మిగులుతుందో లేదో, పనివాడు క్షేమంగా ఇంటికెళ్తాడో లేదో తేలిపోతుంది.

గుంటూరులో మేం చేసే లేత్ పని చాలావరకు ఇలా రాడ్డు పంపేది కాదు, వేరే రకం. పత్తి సీజన్ వస్తోందంటే జిన్నింగ్ మిల్లుల నుంచి రోలర్లు దిగుతాయి. డబుల్ రోలర్ జిన్నులో రోలరంటే ఇనుప షాఫ్టుకు తోలు బిళ్ళలు ఒత్తుగా గుచ్చి బిగించినది. దాని ఒంటి మీద గాడులుంటాయి. రోలర్ దూదిని పట్టి లాగుతుంది, కత్తి గింజను ఆపుతుంది. అరిగిన రోలర్‌ను లేత్ మీద సాపు చేసి మళ్ళీ గాడులు పెడతాం. ఆ మధ్యలో ట్రాక్టరు పిన్నులు, బోరు మోటారు షాఫ్టులు. ఒక్కో జాబ్ ఒక్కో తీరు. చక్‌లో బిగించాలి, సెంటర్ చూసుకోవాలి, పని అయ్యాక విప్పాలి. కొన్నిటికి కోత కంటే బిగింపుకే ఎక్కువసేపు పడుతుంది.

అదే నాజిల్ ఒళ్ళు పదివేలు కావాలంటే ఇలా ఒక్కొక్కటీ బిగిస్తూ కూర్చోలేం. అందుకే జామ్‌నగర్‌లో వేల చిన్న యూనిట్లు ఇత్తడి సామాను చేసి దేశమంతా పంపుతున్నాయి. అలాంటి చోట్ల ముక్కను బిగించరు, నిడుపాటి రాడ్డునే మిషన్‌లోకి పంపుతారు. లేత్‌లో జాబ్‌ను తిప్పే స్పిండిల్ నడుమ బోలుగా ఉంటుంది. సుమారు 3 మీటర్ల రాడ్డును వెనక నుంచి దూర్చితే ముందు కాలెట్ దాన్ని పట్టుకుంటుంది. కాలెట్ అంటే చీలికలున్న ఉక్కు గొట్టం. వెనక నుంచి బిగిస్తే చీలికలన్నీ ఒక్కసారి ముడుచుకుని రాడ్డును చుట్టూ సమానంగా పట్టేస్తాయి. రాడ్డు తిరుగుతుంది, టూళ్ళు వచ్చి చెక్కుతాయి, చివర పార్టింగ్ టూల్ వచ్చి తయారైన ముక్కను కోసి కింద పడేస్తుంది. వెంటనే కాలెట్ వదులుతుంది, రాడ్డు ఇంకో ముక్కంత ముందుకొస్తుంది, కాలెట్ మళ్ళీ బిగుస్తుంది. వేసవిలో బజార్లో చెరకు రసం బండివాడు గడను గానుగలోకి నెడుతుంటాడు చూడండి, ఇదీ అలాంటిదే. కాకపోతే అతను చేత్తో అంచనా వేసి నెడతాడు. ఇక్కడ ప్రతిసారీ ఒకే పొడవు రావాలి, అదీ మనిషి చెయ్యి తగలకుండా.

బాలానగర్‌లో నేను నేర్చుకున్నది ట్రాబ్ ఏ-25 మిషన్ మీద. జర్మన్ డిజైన్. ఏ-25 అంటే 25 మిల్లీమీటర్ల లావు రాడ్డు దాకా పడుతుందని అర్థం. దాని వెనక స్టాండ్ల మీద పొడుగాటి గైడ్ పైపు, అందులో రాడ్డు, రాడ్డు వెనక పుషర్ ఉండేవి. పుషర్‌కి కట్టిన తాడు కప్పీ మీదుగా వెళ్ళి ఇనుప బరువుతో వేలాడేది. కాలెట్ వదలగానే బరువు దిగుతుంది, రాడ్డు ముందుకొచ్చి స్టాపర్‌కి తగిలి ఆగుతుంది. కరెంటు మోటారు ఒక్కటి తప్ప మిగతాదంతా టూళ్ళను కదిపే వంకర బిళ్ళల, అంటే క్యాముల పని. క్యామ్ షాఫ్టు ఒక చుట్టు తిరిగితే ఒక ముక్క. బరువు ఎక్కువైతే రాడ్డు స్టాపర్‌ని గుద్దుకుని కాస్త వెనక్కి తుళ్ళుతుంది, ముక్క పొడవు తగ్గుతుంది. బరువు చాలకపోతే స్టాపర్ దాకా రానే రాదు. కొలత తప్పినప్పుడల్లా మేం టూల్ దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. మా మేస్త్రీ గారు మాత్రం, “టూలుని తరవాత చూద్దువుగానీ, ముందు వెనక్కెళ్ళి తాడు ఎట్లా ఉందో చూసి రా అబ్బాయ్” అనేవారు. ఎక్కువసార్లు ఆయన మాటే నిజమయ్యేది.

క్యాములతో లేత్‌ను దానంతటదే నడిపించే ఆలోచన మొదట కనెక్టికట్‌లోని క్రిస్టఫర్ స్పెన్సర్ అనే అమెరికన్‌కి వచ్చింది. అంతర్యుద్ధంలో వాడిన స్పెన్సర్ రైఫిల్ ఆయనదే. 1873లో ఆటోమేటిక్ లేత్‌కి పేటెంటు తీసుకున్నాడు. డ్రమ్ము మీద బిగించిన క్యామ్ పట్టీలే అందులో మెదడు. పాపం, పేటెంటు కాగితాల్లో సరిగ్గా ఆ భాగానికే హక్కు రాయించుకోలేదు. దాంతో దాన్ని ఎవరైనా వాడుకునే వీలు చిక్కింది, ప్రపంచమంతా వాడుకుంది. అదే దశాబ్దంలో స్విట్జర్లాండ్‌లో గడియారాల మరల కోసం ఇంకో దారి తొక్కారు. అక్కడ టూల్ ఉన్నచోటే ఉంటుంది, స్పిండిలే రాడ్డును పట్టుకుని ముందుకూ వెనక్కూ జరుగుతుంది. టూల్‌కి ఆనుకునే గైడ్ బుష్ ఒకటి ఉండి రాడ్డును వంగనివ్వదు. సన్నటి, పొడుగాటి భాగాలకు ఈనాటికీ దాన్ని మించినది లేదు.

మన వైపు ఈ విద్యకు పునాది హైదరాబాద్‌లో పడింది. ప్రాగా టూల్స్ కంపెనీ 1943లో వచ్చింది. 1968లో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టారు. ఆ చుట్టుపక్కల సందుల్లోని చిన్న చిన్న షాపుల్లో గుంటూరు, ప్రకాశం కుర్రాళ్ళు మాబోటివాళ్ళు చాలామందే ఉండేవారు.

ఇక రాడ్డు సంగతి. విశాఖ ఉక్కు కర్మాగారంలాంటి చోట కాల్చి రోలింగ్ చేసిన గుండ్రటి కడ్డీ పైన నల్లటి పొలుసు ఉంటుంది. దాన్ని బ్లాక్ బార్ అంటాం. అది కాలెట్‌కి పనికిరాదు. లావు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటుంది, పొలుసు రాలి కాలెట్ లోపల చేరుతుంది. ఆ కడ్డీనే యాసిడ్‌లో కడిగి, చల్లగా ఉండగా డై గుండా లాగితే బ్రైట్ బార్ అవుతుంది. 16 మిల్లీమీటర్ల బ్రైట్ బార్‌ని హెచ్9 తరగతిలో కొంటే లావులో తేడా మిల్లీమీటరులో 43 వెయ్యో వంతులు మించకూడదు. హెచ్11 అయితే 110 వెయ్యో వంతుల దాకా ఒప్పుకోవాలి. కాలెట్ ఒకే బిగువున పట్టుకోవాలంటే ఈ తేడా లెక్కలోకి వస్తుంది. రాడ్డు వంపు కూడా చూడాలి. మీటరుకు అర మిల్లీమీటరు దాటితే నేను తీసుకోను. రెండు చివరలా అంచు కొట్టి ఉండాలి. బొడిపెలున్న రాడ్డు కాలెట్‌ను గీరేస్తుంది, ఆ తరవాత ఎంత మంచి రాడ్డు పెట్టినా జారుతుంది.

ఏ లోహమన్నదీ ముఖ్యమే. ఇలాంటి పనికి వాడే ఇత్తడిలో, ఈఎన్1ఏ అనే ఉక్కులో ఒక రకంలో కొద్దిగా సీసం కలుపుతారు. దానివల్ల చిప్స్ పొడిపొడిగా రాలతాయి. మామూలు మెత్తటి ఉక్కు అయితే చిప్స్ తీగలు సాగి రాడ్డుకు చుట్టుకుంటాయి, మనిషి ఆపి లాగాల్సి వస్తుంది. మనిషి ఆపాల్సి వస్తే అది ఇక ఆటోమేటిక్ కాదు.

డబ్బు లెక్క చూద్దాం. 3,000 మిల్లీమీటర్ల రాడ్డు. ముక్క పొడవు 22, పార్టింగ్ టూల్ మందం 3. ముక్కకు 25 పోతుంది. చివర కాలెట్ పట్టుకోవడానికి 150 మిల్లీమీటర్లు మిగిలిపోతుంది, దాన్ని ఎండ్ బిట్ అంటాం. మిగతా 2,850లో 114 ముక్కలొస్తాయి. ఎండ్ బిట్ 250 అయితే 110కి పడిపోతుంది. ఎండ్ బిట్ 150గానే ఉంచి పార్టింగ్ టూల్‌ని 2 మిల్లీమీటర్లకు మారిస్తే 118 వస్తాయి. 16 మిల్లీమీటర్ల ఇత్తడి రాడ్డు ఒక్కటి 5 కిలోలు దాటుతుంది. నాలుగు ముక్కలేగా అనిపిస్తుంది గానీ, రోజంతా ఆగకుండా నడిచే మిషన్‌లో నాలుగు ముక్కలు ఎంతవుతాయో యజమానికి బాగా తెలుసు.

ఇప్పుడు అసలు భయం. రాడ్డు స్పిండిల్ వెనక నుంచి బయటికొచ్చి ఆధారం లేకుండా వేలాడుతుంటే ఏమవుతుంది? 12 మిల్లీమీటర్ల ఉక్కు రాడ్డు 600 మిల్లీమీటర్లు బయటికుంటే, లెక్క ప్రకారం నిమిషానికి సుమారు 1,400 చుట్ల దగ్గర అది ఊగడం మొదలుపెడుతుంది. 1,200 మిల్లీమీటర్లుంటే 1,400లో సగం కాదు, నాలుగో వంతు, అంటే దాదాపు 360 చుట్లకే. పొడవు రెట్టింపైతే హద్దు నాలుగో వంతుకు దిగిపోతుంది. ఊగినది ఊగినట్టు ఉండదు, లంబంగా వంగి కొరడాలా చుట్టూ కొడుతుంది. నేను పనిచేసిన ఒక షాపులో ఇది జరిగింది. గైడ్ పైపు తీసి శుభ్రం చేస్తున్నారు. ఆలోపు అర్జెంటు జాబ్ వచ్చిందని రాడ్డును అలాగే వదిలి స్పీడు పెంచారు. వెనక గోడ సిమెంటు పెచ్చులు లేచిపోయాయి. ఆ క్షణంలో అక్కడ మనిషి లేడు, అంతే. ఇంకో షాపులో ఇలాగే జరిగినప్పుడు మనిషి ఉన్నాడు, ఆ సంగతి ఇక్కడ రాయలేను.

ఊగకుండా గైడ్ పైపులో ఉంచితే ఇంకో బాధ, చప్పుడు. రాడ్డు లావు కంటే పైపు వదులుగా ఉంటే లోపల టపటప కొట్టుకుంటుంది. ఆరు పలకల రాడ్డయితే చెప్పక్కర్లేదు. మా తరం టర్నర్లలో చాలామందిని ఇప్పుడు రెండుసార్లు పిలిస్తేగాని పలకరు. నాకూ ఎడమ చెవి సరిగ్గా వినపడదు. పైపు లోపల స్ప్రింగు చుట్ట వేస్తే సగం బాధ తీరుతుందని అప్పటికే తెలుసు, వేసినవాళ్ళు తక్కువ.

దీనికి తరవాత నూనెతో మందు కనిపెట్టారు. రాడ్డు లావుకు సరిపడే గాడిలో నూనె నింపుతారు. తిరిగే రాడ్డు చుట్టూ నూనె పొరగా చేరి, దాన్ని నడిమధ్యకు ఎత్తి పట్టుకుంటుంది. ఎక్కడా తగలదు కాబట్టి చప్పుడు లేదు, వణుకు లేదు, స్పీడు పెంచుకోవచ్చు. ఇప్పటి మ్యాగజైన్ బార్ ఫీడర్లలో రాడ్లు వరసగా పేర్చి ఉంటాయి. ఒకటి అయిపోగానే ఎండ్ బిట్‌ను వెనక్కి లాగి పారేసి, ఇంకోదాన్ని మిషనే ఎత్తుకుంటుంది. రాత్రంతా మనిషి లేకుండా నడిచే షాపులున్నాయి. అయినా ఈ ఫీడర్ కూడా రాడ్డు వంకరగా ఉంటే ఆగిపోతుంది, అంచు కొట్టకపోతే ఇరుక్కుంటుంది. లావు మారినప్పుడల్లా లోపలి గాడి మార్చాల్సిందే. మా మేస్త్రీ గారి తాడు పోయింది గానీ ఆయన చూడమన్న చోటు మారలేదు.

గుంటూరు, ఒంగోలు, చిలకలూరిపేటల్లో ఇప్పుడు మా కుర్రాళ్ళు కంప్యూటర్‌తో నడిచే పాత సీఎన్‌సీ మిషన్లు తెచ్చి పెట్టుకుంటున్నారు. చూస్తే నా మనసు నిండుతుంది. స్ప్రేయర్ గన్ను భాగాలు, డ్రిప్పు పైపు జాయింట్లు, జిన్ను మిషన్ల బుషులు, అన్నీ ఎక్కడో చేయించి తెప్పించుకోవాల్సిన పని లేదు. అంత పెద్ద మ్యాగజైన్ ఫీడర్ కొనే స్తోమత అందరికీ ఉండదు, మొదట అక్కర్లేదు కూడా. బార్ పుల్లర్ చాలు. అది టూళ్ళు బిగించే టరెట్‌లోనే ఒక చోట ఉంటుంది. ముందు నుంచి వచ్చి రాడ్డు కొసను పట్టుకుంటుంది, కాలెట్ వదులుతుంది, రాడ్డును కావలసినంత లాగుతుంది, కాలెట్ బిగుస్తుంది. కొన్ని వందల ముక్కల ఆర్డరుకు ఇంతకంటే చవకైన దారి లేదు. దీనికి ఒకటే షరతు. రాడ్డును స్పిండిల్ పొడవు లోపలే ముందుగా కోసి పెట్టుకోవాలి, వెనక నుంచి ఒక్క అంగుళం కూడా బయటికి రాకూడదు. అందుకని నా దగ్గరికి వచ్చిన ప్రతి కుర్రాడితో మొదటి రోజే స్పిండిల్ పొడవు కొలిపించి, ఆ అంకెను మిషన్ వెనక తలుపు మీద పెయింటుతో పెద్దగా రాయిస్తాను. రంపం దగ్గర గోడ మీద కూడా అదే అంకె రాయిస్తాను. ప్రోగ్రామ్ ఆ తరవాతే.