నేల మీద నిలిచిన దీపం

ఫ్లోర్ ల్యాంప్ అనగానే మన విద్యార్థి మిత్రులకు పాత సినిమాల్లోని జమీందారు బంగళా గుర్తుకొస్తుంది. సోఫా పక్కన పొడుగాటి కడ్డీ, దాని నెత్తిన గుడ్డ టోపీ, ఆ వెలుగులో డ్రెస్సింగ్ గౌను వేసుకుని పైపు కాల్చే కథానాయిక తండ్రి! అదంతా దొరల వ్యవహారమనీ, మనకూ దానికీ చుట్టరికం లేదనీ అనుకుంటాం. కానీ నేల మీద నిలబెట్టే దీపం మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నదే. దాని పేరు సెమ్మె.

మన పక్క పాత మట్టి మిద్దెలు చూసినవారికి నేను చెప్పనక్కరలేదు. మందమైన గోడలు, కిటికీలు తక్కువ, పైకప్పులో ఒక గవాక్షి. కింద నల్లటి కడప బండలు. నల్ల బండ వెలుగును మింగుతుందే గాని తిరిగి ఇవ్వదు. అటువంటి ఇంట్లో మనుషులు కూర్చునేదీ, తినేదీ, పడుకునేదీ నేల మీదే. కాబట్టి దీపం కూడా కూర్చున్న మనిషి కంటి ఎత్తుకు వస్తే చాలు. సెమ్మె ఎత్తు అందుకే అంత. అడుగున వెడల్పాటి పళ్ళెం రెండు పనులు చేస్తుంది: కారిన నూనెను పట్టుకుంటుంది, సెమ్మె ఒరిగిపోకుండా కాపాడుతుంది.

మరి పైనున్న నూనె గిన్నె అంత లోతు తక్కువగా ఎందుకుంటుంది? ఇది అందం కోసం కాదు, ఆముదం కోసం. కిరసనాయిలు కంటే ఆముదం కొన్ని వందల రెట్లు చిక్కన. అది వత్తిని పట్టుకుని పైకి పాకడానికి బద్ధకిస్తుంది. అందుకని వత్తి నూనెలోనే పడుకుని, కొస మాత్రం అంచు బయటికి చాపుతుంది. మంట తన నూనె పక్కనే ఉండాలి. అంతకు మించి దూరం పోలేదు. 1780లో స్విట్జర్లాండుకు చెందిన ఆర్గాండ్ బోలు వత్తి, గాజు చిమ్నీ ఉన్న దీపం చేసినప్పుడు కూడా ఈ చిక్కే ఎదురైంది. నూనె తొట్టిని పక్కన ఎత్తులో పెట్టాల్సి వచ్చింది.

1850ల తర్వాత కిరసనాయిలు వచ్చి ఈ లెక్క మార్చేసింది. పలుచటి నూనె గనక వత్తిలో గబగబా ఎక్కుతుంది. తొట్టి కిందికి, మంట పైకి పోయాయి. మన బుడ్డీ, లాంతరూ (మన ఊళ్ళో చాలామంది కందీలు అంటారు) ఆ సంతానమే. ఇక దీపం ఒకచోట నిలబడి ఉండాల్సిన పని లేదు, చేత్తో పట్టుకుని దొడ్లోకి పోవచ్చు. సెమ్మె దేవుడి గూటి ముందుకు తప్పుకున్నది.

పెళ్ళిళ్ళలో నెత్తిన మోసుకొచ్చే పెట్రోమాక్స్ గురించి ఒక్క ముక్క. దాని మ్యాంటిల్‌ను 1885లో ఆస్ట్రియా రసాయన శాస్త్రజ్ఞుడు వెల్స్‌బాక్ కనిపెట్టాడు. దానికి కావలసిన థోరియం ఉన్న మోనజైట్ ఇసుక 1909లో మన తిరువాన్కూరు తీరంలోనే దొరికింది.

తర్వాత కరెంటు. బల్బు కప్పుకు వేలాడింది, ట్యూబులైటు గోడకెక్కింది. నన్నడిగితే ట్యూబులైటు ఇంట్లోని నీడలన్నిటినీ తరిమేసి, గదిని రైల్వే ప్లాట్‌ఫారం చేసింది. పాశ్చాత్య దేశాల్లో మాత్రం నేల దీపం బతికే ఉన్నది, ఎందుకంటే తీగ పొడుగున్నంత దూరం దాన్ని జరుపుకోవచ్చు. 1962లో ఇటలీకి చెందిన కాస్టిలియోని సోదరులు 'ఆర్కో' అనే దీపం చేశారు. కప్పుకు బెజ్జం కొట్టకుండానే భోజనాల బల్ల మీద వెలుగు పడాలన్నది వారి కోరిక. వంగిన ఉక్కు కమ్మీ పడిపోకుండా అడుగున సుమారు 65 కిలోల చలువరాయి పెట్టారు. ఆ రాయికి ఒక రంధ్రం. అందులో చీపురు కర్ర దూర్చి ఇద్దరు మోయవచ్చు! మన సెమ్మె పళ్ళెం చేసే పనే ఆ రాయీ చేస్తున్నది.

మా అవ్వ సెమ్మె ఒక కరువేడు తూకానికి పోయింది. మా వీధిలో ఇత్తడి చాలా ఇళ్ళ నుంచి అట్లాగే పోయింది. కొనేవానికి అందులో కనిపించేది బరువే గదా!

అయితే నేల దీపం మన సీమకు మరో దారిన తిరిగి వచ్చింది. కదిరి మీదుగా ధర్మవరం వైపు పోతే నిమ్మలకుంట వస్తుంది. అది తోలుబొమ్మల వాళ్ళ ఊరు. మేకతోలును నానబెట్టి, గీకి, సాగదీసి ఎండబెడితే వెలుగు పారేంత పలచనవుతుంది. దాని మీద బొమ్మ గీసి, ఉలితో బెజ్జాలు కొట్టి, రెండు వైపులా రంగులు వేస్తారు. ఒకప్పుడు ఆ బొమ్మల వెనక దీపం, ముందు తెర, తెర ముందు తెల్లవార్లూ కూర్చున్న జనం. సినిమా, టీవీ వచ్చాక జనం లేచిపోయారు. బొమ్మలవాళ్ళు అదే తోలును ఇనుప చట్రానికి కుట్టి దీపపు గుమ్మటాలు చేయడం మొదలుపెట్టారు. మనిషెత్తు దీపాలూ చేస్తున్నారు. దీపం ముందు ఆడిన బొమ్మ ఇప్పుడు దీపాన్నే చుట్టుకున్నది. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

దీన్ని కళ బతకడమందామా, చావడమందామా? గుమ్మటం మీది హనుమంతుడికి కీళ్ళు అక్కరలేదు, గొంతు అక్కరలేదు, పాటా తాళమూ అక్కరలేదు. నా మటుకు నేను సగం బతికిందంటాను. ఉలి పట్టే చేయి నిలిచింది, పాడే గొంతు మాత్రం తరానికింత తగ్గిపోతున్నది. ఆ ఇళ్ళలో పొయ్యి వెలగడానికి మాత్రం గుమ్మటమే ఆధారమైంది. దూరాన కూర్చుని దాన్ని తక్కువ చేసే హక్కు మనకు లేదు.

కొనుక్కునే మిత్రులకు ఒక మాట. పాత పీచు బల్బు తాను తినే కరెంటులో నూటికి తొంభై పాళ్ళకు పైగా వేడిగానే వదులుతుంది. దాని దగ్గర తోలు ముడుచుకుని పెళుసవుతుంది. చిన్న ఎల్.ఇ.డి. బల్బే పెట్టండి, అదీ తోలుకు తగలకుండా. దుమ్ము పొడిగుడ్డతో తుడవాలి, తడిగుడ్డ తగిలితే రంగు కదులుతుంది. వానాకాలం గోడ చెమ్మకు దూరంగా జరిపి పెట్టుకోండి.