ల్యాబ్‌కి పెద్దదిక్కెవరు?

ఇంట్లో కంప్యూటర్‌ మొరాయిస్తే తెలిసిన కుర్రాణ్ని పిలుస్తాం. అదే బళ్లో నలభై ఉంటే? పిల్లలు తలో సెట్టింగూ మార్చేస్తే? అందుకే బళ్లూ ఆఫీసులూ తమ కంప్యూటర్లన్నిటినీ ఒకేచోటి నుంచి అదుపు చేస్తాయి. ఏ ప్రోగ్రాములు ఉండాలి, అప్‌డేట్లు ఎప్పుడు చెయ్యాలి... అన్నీ అక్కడే నిర్ణయమవుతాయి. మరి వాటికి ఏ ఆపరేటింగ్‌ సిస్టమ్‌ వెయ్యాలి? 2025 అక్టోబరు 14తో విండోస్‌ 10కి సాధారణ మద్దతు ఆగిపోయింది. పాత కంప్యూటర్లు చాలావాటికి విండోస్‌ 11 సరిపడదు. దాంతో ఈ ప్రశ్న ఎన్నో సంస్థల ముందుకొచ్చింది.

కేరళ దారి

కేరళ ప్రభుత్వ బళ్లు ఈ చిక్కుముడిని ఎప్పుడో విప్పుకున్నాయి. 2001లో మొదలైన 'ఐటీ ఎట్‌ స్కూల్‌' పథకం, ఆ దశాబ్దంలోనే లైనక్స్‌ వైపు మళ్లింది. ఖర్చు తగ్గుతుందన్నది ఒక్కటే కాదు... పాఠాలకు కావాల్సిన ప్రోగ్రాములన్నీ చేర్చి, మలయాళంలో వాడుకునేలా సొంతంగా తయారుచేసుకోవచ్చు. వేలమంది టీచర్లకు శిక్షణ ఇచ్చారు. బళ్లో ల్యాబు సంగతి చూసే బాధ్యత ఒక టీచరుకి అప్పగించారు. ఈ పథకమే 2017లో 'కైట్‌' సంస్థగా మారింది. రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో ఈ సాఫ్ట్‌వేర్‌ వాడటం వల్ల మూడు వేల కోట్ల రూపాయలు మిగులుతాయని 2019లో ఆ సంస్థ లెక్కచెప్పింది.

మ్యూనిక్‌ పాఠం

ఇదే లైనక్స్‌ జర్మనీలో మరోలా నడిచింది. మ్యూనిక్‌ నగరపాలక సంస్థ 2003లో లైనక్స్‌కు మారాలని తీర్మానించింది. మైక్రోసాఫ్ట్‌ అధిపతి స్టీవ్‌ బామర్‌ స్వయంగా వచ్చి మేయర్‌ను కలిసినా వెనక్కి తగ్గలేదు. 2013 కల్లా దాదాపు 15 వేల కంప్యూటర్లు మారాయి. తీరా 2017లో మళ్లీ విండోస్‌కే ఓటేసింది! బయటి ఆఫీసుల నుంచి వచ్చే ఫైళ్లు సరిగ్గా తెరుచుకోవడం లేదని ఉద్యోగుల గోల. అయితే ఐటీ విభాగాలను నడిపే తీరులోనూ పెద్ద లోపాలున్నాయని నిపుణులు అంతకుముందే తేల్చారు.

అడగాల్సినవి

అంటే... ఉచితమా, డబ్బులు పెట్టి కొన్నదా అన్నది సగం ప్రశ్నే. పాడైతే బాగుచేసేదెవరు? అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయి? ఉన్న ప్రింటర్లు పనిచేస్తాయా? పిల్లలకు కావాల్సిన ప్రోగ్రాములు, మన తెలుగు... అందులో నడుస్తాయా? నేర్పే టీచర్లకు ముందు నేర్పేదెవరు?

ఈసారి బడికి వెళ్లినప్పుడు 'కంప్యూటర్లు ఎన్నున్నాయి?' అనడంతో ఆగకండి. 'వాటిని చూసుకునేదెవరు?' అనీ అడగండి. జవాబు రాకపోతే, ఏ సిస్టమ్‌ వేసినా ఆ ల్యాబుకు తాళమే గతి!